ఏడో కూత దాకా

ఫిబ్రవరి 3

బాబాయ్‌కి,

ముందుగా నా రాతకి నన్ను క్షమించు. ఒత్తులూ దీర్ఘాలూ ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. ఆరో తరగతితో బడి మానేశాక నేను రాసిందల్లా సరుకుల చీటీలే. గీతలు లేని కాగితం దొరికింది, అందుకని వరసలు చీమల బారులా పైకి ఎక్కిపోతున్నాయి. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోను హాల్లో, అత్తయ్య కుర్చీ పక్కన ఉంటుంది. పైగా ఫోను పట్టుకుంటే నాకు గొంతు పెగలదని నీకు తెలియనిదా.

అడగాల్సింది ఇది. కంప్యూటర్‌కి మంచి స్పీకర్లూ, సౌండ్ కార్డూ కొనాలి. ఏవి మంచివో ఎలా తెలుస్తుంది? రేడియో స్టేషన్ కంట్రోల్ రూములో ఇరవయ్యారేళ్ళు కూర్చున్నవాడివి. మనవాళ్ళలో ఇలాంటివి నిన్ను తప్ప ఎవరిని అడగను?

ఆయన పని సంగతి పెళ్ళి హడావుడిలో నీకు సరిగ్గా చెప్పి ఉండరు. ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు జరిగితే విచారణ చేసే ఆఫీసు ఒకటుంది. సాక్షులు చెప్పింది వాళ్ళు రికార్డు చేసి, డిస్కు మాకు పంపుతారు. ఈయన ఇంట్లో కూర్చుని విని, ఉన్నదున్నట్టు టైపు చేసి ఇవ్వాలి. రికార్డు ఇంకెవరూ వినకూడదని ఈయన చేత సంతకం పెట్టించుకున్నారు, అందుకని పని మొదలెట్టగానే తలుపు వేసుకుంటారు. మాట తెలియని చోట ‘అస్పష్టం’ అని రాయాలి. పేజీకి ఒకటో రెండో ఉంటే ఏమీ అనరు. ఈమధ్య పేజీకి పదీ పన్నెండూ వస్తున్నాయి. పోయిన వారం ఒక కట్ట వెనక్కి పంపేశారు. మూడుసార్లు అలా వెనక్కి వస్తే ఈయన పేరు తీసేస్తారట. ఈ పని పోతే ఇంకో పని చేతకాదని ఆయనే అంటున్నారు.

స్పీకర్లు బాగాలేవంటారు ఆయన. రెండేళ్ళలో ఇవి మూడో జత. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవిలో గంటలు మోగినట్టుంటుందని వాటిని ముట్టుకోరు. నిన్ను అడగమంటే మొహమాటం. అందుకని నేనే రాస్తున్నాను, చెప్పకుండా.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 11

పిచ్చుకా,

నీ వరసలు పైకెక్కితే ఎక్కనీ, నా వరసలు కిందికి దిగుతున్నాయి. రెండూ కలిపి చదివితే సమంగా ఉంటాయి. పిన్ని నీ ఉత్తరం రెండుసార్లు చదివి, దాని అక్షరం నా అక్షరం కంటే నయం అంది. ఈ ఇంట్లో నా పరువు అంత.

ఇక విను. పెట్టె మీద ఇన్ని వందల వాట్లు అని రాసి ఉంటే నమ్మకు. అది గోడలు అదరడానికి. మీకు కావాల్సింది మనిషి మాట. చీకట్లో లైట్లు వెలిగే స్పీకరు అసలు ముట్టుకోవద్దు, ఆ డబ్బంతా లైట్లకే పోయి ఉంటుంది. చెక్క డబ్బాలో పెద్ద గుండ్రం ఒకటి, దాని పైన చిన్న గుండ్రం ఒకటి ఉన్నవి చూడు. పెద్దది బొంగురు పలుకుతుంది, చిన్నది సన్నాలు పలుకుతుంది. మాటలో స, శ, త లాంటివన్నీ ఆ చిన్నదాని దయ.

కంప్యూటరుతో పాటు వచ్చే సౌండు లోపలి పెద్ద పలక మీదే ఉంటుంది. ఫ్యాను తిరిగినా, ఎలక కదిలినా అందులో గుయ్‌మంటుంది. విడిగా కార్డు కొని, బొమ్మ చూపించే కార్డుకి వీలైనంత దూరపు సందులో గుచ్చమను. స్పీకర్లు గోడకి ఆనించొద్దు. రెండూ, ఆయన తలా కలిపి ముక్కోణం రావాలి, చెవి ఎత్తులో.

కొనేముందు ఇప్పుడున్న వాటి జాతకం చూద్దాం. ఈ ఉత్తరంతో ఒక డిస్కు పంపుతున్నాను. స్టేషన్లో మేము రోజూ పొద్దున్నే వేసుకునేది. అందులో పన్నెండు కూతలు. మొదటిది ఎద్దు రంకెలా ఉంటుంది, పన్నెండోది దోమలా ఉంటుంది. మధ్యలో అంకెలు చెప్పే బొంగురు గొంతు నాదే, భయపడకు. అల్లుడుగారిని పని కుర్చీలోనే కూర్చోబెట్టి, సౌండు పెంచకుండా తగ్గించకుండా వేసి, ఎన్నో కూత దాకా వినబడిందో రాసి పంపు.

బాబాయ్


ఫిబ్రవరి 20

బాబాయ్‌కి,

డిస్కు విరగకుండా వచ్చింది. నీ గొంతు వినగానే నాకు నవ్వొచ్చింది, ‘నాలుగూ’ అని ఇంకా అలాగే సాగదీస్తున్నావు.

నువ్వు చెప్పినట్టే చేశాను. స్పీకర్లు బల్ల మీద రెండు డిక్షనరీల మీద ఎక్కించి చెవి ఎత్తుకి తెచ్చాను. ఆయన కుర్చీలో కూర్చున్నారు. నేను వెనక కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. ఒకటి నుంచి ఆరు దాకా వరసగా తలాడించారు. ఏడోదానికి కొంచెం ఆలోచించి ‘ఆఁ’ అన్నారు. ఆ తర్వాత తలాడించలేదు. ఆఖర్న తిరిగి, “ఏడు. అంతే. చూశావా, నేను చెప్పలేదూ?” అన్నారు. కాబట్టి జవాబు: ఏడో కూత దాకా.

అత్తయ్య మాత్రం వంటింట్లోంచి, “ఏంట్రా ఆ కీచులు, పళ్ళు జివ్వుమంటున్నాయి, ఆపండి” అని కేకేశారు. ఆవిడకి కంప్యూటరంటేనే పడదు.

ఇంకోటి. వెనక్కి వచ్చిన కాగితాలు నేను వేలు పెట్టుకుని చదివాను. నాకు ఒక్కో పేజీకి పావుగంట పట్టింది. అస్పష్టాలన్నీ ఆడవాళ్ళు మాట్లాడిన చోటే ఉన్నాయి. అడిగే ఆఫీసరు మాట ఒక్కటీ పోలేదు. ఇది నీకు పనికొస్తుందో లేదో తెలియదు.

అడక్కపోయినా ఇంకో మాట రాస్తున్నాను, ఎవరికీ చెప్పకు. నేను ఏం మాట్లాడినా ఆయన “ఏంటి?” అంటారు. మళ్ళీ చెప్తే మళ్ళీ “ఏంటి?” మూడోసారికి నాకే నా మాట అసహ్యంగా అనిపించి, ఏంలేదండీ అని వచ్చేస్తాను. ఆయన చదువుకున్నవారు, రోజంతా పెద్దవాళ్ళ మాటలు వినేవారు. నా మాట తీరు బాగుండదేమో. ఇప్పుడు భోజనం వేళకి బల్ల మీద వేలితో కొడతాను, ఆయన వస్తారు. అదే సుఖంగా ఉంది.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 27

పిచ్చుకా,

ఏడా! ఏడుతో ఆగితే అది స్పీకరు కాదు, తపేలా. నాకు విషయం తేటతెల్లమైంది. ఆడవాళ్ళ మాటే పోతోందన్నావు చూడు, అదే సాక్ష్యం. సన్నాలు పలికే చిన్న గుండ్రం కాలిపోయి ఉంటుంది. లేదా కార్డు మరీ నాసిరకమై పైస్థాయి కోసేస్తోంది. రెండూ మార్చెయ్యండి. డిస్కు షాపుకి తీసుకెళ్ళి, అక్కడ వేయించి విని కొనమను. వినకుండా కొన్న స్పీకరూ, చూడకుండా కొన్న చెప్పులూ ఒకటే అని మా ఇంజనీరు అనేవాడు. ఆయన చెప్పులు ఎప్పుడూ కరిచేవి, అది వేరే సంగతి.

ఇక నీ గొడవ. కోప్పడుతున్నాననుకోకు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. నోరు తెరవకుండా మాట్లాడతావు. సగం మాట నోట్లో, సగం పమిటలో. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? నోరు తెరిచి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పు. మొగుడు అడిగితే చెప్పడానికి సిగ్గేంటి?

బాబాయ్


మార్చి 10

బాబాయ్‌కి,

కొన్నాం. కానీ ఏం బాగాలేదు.

షాపుకి నేనూ వెళ్ళాను. షాపతను ముందు లైట్లవే చూపించాడు. “సార్, ఇది పెట్టి సినిమా వేస్తే పక్కింటివాళ్ళు టికెట్ అడుగుతారు” అన్నాడు. ఈయన “సినిమా కాదయ్యా, మనిషి మాట వినబడాలి” అన్నారు. చెక్కవి తెప్పించి నీ డిస్కు వేయించారు. పదో కూత దగ్గర షాపతను చెవులు మూసుకుని, “ఇంకేం కావాలి సార్, చిల్లులు పడుతున్నాయి” అన్నాడు. ఈయన ఇంకా వింటున్నట్టే ముందుకి వంగి ఉన్నారు. డిస్కు ఆగిపోయాక, “ఏడే కదా, వేరేవి చూపించు” అన్నారు. షాపతను నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. నాలుగు జతలు మార్చాడు. చివరికి అన్నిటికంటే పెద్దవీ, అన్నిటికంటే ఖరీదైన కార్డూ తీసుకుని వచ్చేశాం.

ఇంట్లో కార్డు ఆయనే గుచ్చారు, దూరపు సందులో. డిస్కు వేశారు. ఏడు. కార్డు తీసి ఇంకో సందులో పెట్టారు. ఏడు. బల్ల కిటికీ వైపు జరిపారు, తలుపు వైపు జరిపారు, కర్టెన్లు తీసేశారు. కంప్యూటర్ మూత ఇప్పుడు మంచం మీద ఉంది, మరలు నా కుంకుమ భరిణెలో ఉన్నాయి. కూర్చుంటారు, లేస్తారు, మళ్ళీ కూర్చుంటారు. అత్తయ్య ఏదో అంటే, “గొణక్కుండా చెప్పవే అమ్మా!” అని అరిచారు. ఆవిడ గొణగరు, వీధి చివరికి వినబడుతుంది ఆవిడ మాట.

నిన్న రెండో కట్టా వెనక్కి వచ్చింది. ఇంకొక్కసారి మాత్రమే మిగిలింది.

నువ్వు చెప్పినట్టు గట్టిగా మాట్లాడాను. “ఎందుకలా అరుస్తావు, నేనేమన్నా చెవిటివాణ్ణా?” అన్నారు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. గట్టిగా మాట్లాడమని ఇంక చెప్పకు బాబాయ్. చిన్నగా అంటే ఏంటి అంటారు, పెద్దగా అంటే అరుపంటారు. ఆ మధ్యలో ఎక్కడుండాలో నాకు తెలియడం లేదు.

నీ డిస్కే పాడైందేమో ఒకసారి చూస్తావా?

నీ పిచ్చుక


మార్చి 16

పిచ్చుకా,

నా దగ్గరున్న ఇంకో డిస్కు వేసి చూశాను. పన్నెండూ ఉన్నాయి. స్పీకర్లు కొత్తవి, కార్డు కొత్తది, షాపులో ఇంకో నాలుగు జతలు, అన్నిటికీ అదే ఏడా? సామాను ఎక్కడైనా అంత కూడబలుక్కుని పాడవుతుందా?

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మళ్ళీ చదివాను. పళ్ళు జివ్వుమన్నాయన్నావు మీ అత్తగారికి. షాపతను చెవులు మూసుకున్నాడన్నావు. నేను చదువుతూ నవ్వుకుని ఊరుకున్నాను, గాడిదని.

ఒక్కటే అడుగుతున్నాను. ఏడు అన్నది ఆయన. వెనక పెన్సిలు పట్టుకుని నిలబడ్డావే, నీకు ఎన్ని వినబడ్డాయి?

వెంటనే రాయి.

బాబాయ్


మార్చి 19
(పోస్టు కార్డు)

పన్నెండూ. మొదటిసారి నుంచీ. ఆయన మిషనుకి పరీక్ష కదా, ఆయన చెప్పిందే జవాబు అనుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు.

పి.


మార్చి 22

పిచ్చుకా,

తప్పు నీది కాదు, ఆయనది కాదు. నాది. మైకు నుంచి వైరు, వైరు నుంచి కార్డు, కార్డు నుంచి స్పీకరు, అన్నీ తడిమాను. ఆ వరస చివర చెవి ఒకటి ఉంటుందని మర్చిపోయాను. చెవిలో గంటలన్నది నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు.

సన్నటి శబ్దాలు ముందు పోతాయి. మొగవాళ్ళ గొంతు వినబడుతుంది, అందుకే తనకి బాగానే వినబడుతోందని మనిషి అనుకుంటాడు. అవతలివాళ్ళే గొణుగుతున్నారనుకుంటాడు. నీ గొంతు ఉంది చూశావా, అది సరిగ్గా ఎనిమిదో కూత మీద వాలుతుంది. నీ మాటలో లోపం లేదు. గట్టిగా మాట్లాడమని నేను రాసిన ఉత్తరం చించెయ్యి, అందులో నాకు గర్వపడేదేమీ లేదు.

ఆయనకి చెప్పాలి. నేను ఫోను చేసి చెప్తే మావగారి వరసవాడు ఎగతాళి చేశాడనుకుంటాడు. నువ్వే చెప్పాలి. చెవి డాక్టరుకి చూపించాలి, ఆలస్యం చేయొద్దు. నీకు ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాను.

బాబాయ్


ఏప్రిల్ 2

బాబాయ్‌కి,

నీ ఉత్తరం వచ్చిన రోజే మూడో రికార్డు కూడా వచ్చింది. నాలుగు రోజుల్లో ఇచ్చెయ్యాలి. ఆయన తలుపు వేసుకున్నారు. నేను బయట నిలబడి, ఎలా చెప్పాలో నోట్లో పది రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ బాగాలేదు. చివరికి తలుపు తోసుకుని వెళ్ళి, ఏమీ చెప్పకుండా నీ డిస్కు పెట్టాను.

“మళ్ళీ ఎందుకు?” అన్నారు. ఈసారి వెనక నిలబడలేదు. ఎదురుగా నిలబడ్డాను. ఒక్కో కూతకీ ఒక్కో వేలు ఎత్తాను. ఏడు దాకా ఆయన తలా, నా వేళ్ళూ కలిసే వెళ్ళాయి. తర్వాత ఎనిమిదో వేలు ఎత్తాను. ఆయన స్పీకరు వంక చూశారు. తొమ్మిది. పది. వేళ్ళు అయిపోయాయి, మళ్ళీ మొదటి వేలు ఎత్తాను. అప్పుడు ఆయన లేచి డిస్కు ఆపేశారు.

“అమ్మకి?” అన్నారు.

“మొదటిరోజే పళ్ళు జివ్వుమంటున్నాయన్నారు కదండీ.”

“అది నేను వినలేదు” అన్నారు.

చాలాసేపు కీబోర్డు మీద దుమ్ము గోటితో గీకుతూ కూర్చున్నారు. తర్వాత, “రెండేళ్ళ నుంచీ అనుమానమే. స్పీకర్లయితే మార్చుకోవచ్చు కదా, అందుకని” అన్నారు. అంతే. నేనూ ఉన్నది చెప్పేశాను. మీరు ఏంటి అన్నప్పుడల్లా నా మాట మీకు నచ్చలేదనుకున్నానండీ అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే నాకే ఆశ్చర్యమేసింది. ఆయన నా వంక వింతగా చూసి, “నువ్వు బల్ల మీద వేలితో కొడుతుంటే, ఈ ఇంట్లో మాట్లాడటం నీకే ఇష్టం లేదనుకున్నాను” అన్నారు.

ఇక అసలు సంగతి. ఆ రికార్డు ఒక ఆడమనిషిది. సీసాలు కడిగే చోట పనిచేస్తుంది. పక్కన నిలబడ్డామెకి చెయ్యి మిషనులో పడింది, ఈమె చూసింది. ఆయనకి అందులో పదింట రెండు మాటలు కూడా అందలేదు. నేను కుర్చీ లాక్కుని కిటికీ వెలుగులో ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. ఆమె అన్నది విని, ఆపి, ఆయన మొహం చూస్తూ అదే మాట నేను చెప్పాను. ఆయన రాశారు. మిషను భాగాల పేర్లు నాకు తెలియవు, నేను ఎలా పలికినా ఆయన కనిపెట్టేవారు. మూడు పగళ్ళు అలాగే. పెద్ద స్పీకర్లు కొన్నది వృథా కాలేదు బాబాయ్. ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది నాకు. ఆఫీసరు మాటిమాటికీ “గట్టిగా చెప్పమ్మా, గట్టిగా” అంటాడు. అన్నప్పుడల్లా ఆమె గొంతు ఇంకా చిన్నదైపోతుంది. ఆ సంగతి నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

అత్తయ్య తలుపు బయటినుంచి, “ఈ పిల్ల ఇంత గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందిరా!” అన్నారు. అది కూడా ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది. నవ్వారు.

మూడోరోజు మధ్యాహ్నం ఆమె, “నాకు భయమేసింది, అందుకే ఎవరికీ చెప్పలేదు” అంది. నేను ఆ మాట చెప్పాను. ఆయన రాశారు. కాసేపటికి రాసింది సరిచూస్తూ ఆగి, “ఇక్కడ ‘నాక్కూడా’ అని ఉంది. ఇది ఆమె అందా?” అన్నారు. కాదండీ, నోరు జారాను, అది నేనన్నది అన్నాను. ఆయన ఆ ఒక్క మాటా చెరిపేశారు. “రికార్డులో ఉండకూడదు” అన్నారు. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుని, “దేనికి భయం? చెప్పు” అన్నారు. ఏం చెప్పానో నీకు రాయను.

కట్ట ఇచ్చేశాం. మొత్తం మీద మూడే అస్పష్టాలు. ఆఫీసులో మెచ్చుకున్నారట. ఆడవాళ్ళ రికార్డులు ఇకమీదట మీకే పంపుతామన్నారట. ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు. ఇంకెవరూ వినరని సంతకం పెట్టిన మనిషి. అప్పట్నుంచీ కాలు నిలవడం లేదు. చెప్పేస్తాను అంటారు, చెప్తే పేరు తీసేస్తారంటారు, చొక్కా వేసుకుంటారు, విప్పేస్తారు. మంగళవారం పదింటికి చెవి డాక్టరు. బుధవారం ఆఫీసుకి ఇద్దరం వెళ్ళాలని ఇవాళ పొద్దున తేల్చారు. “నీ సంతకం కూడా పెట్టించుకోమని అడుగుతాను. నువ్వే చెప్పాలి, ఎలా విన్నావో” అన్నారు. ఆరో తరగతి చదివినదాని సంతకం వాళ్ళు తీసుకుంటారో లేదో. కాగితం వెనక పదిసార్లు రాసి చూసుకున్నాను. ఒక్కోటి ఒక్కోలా వచ్చింది.

వాళ్ళు ఒప్పుకుంటే ఈ సంగతి నేనే నీకు ఫోనులో చెప్తాను, అత్తయ్య కుర్చీ పక్కనే నిలబడి. ఒప్పుకోకపోతే మాత్రం, ఆ సీసాలు కడిగే ఆమె మాటలు నేను వినకూడనివే, అవి రాసిన కాగితం ఎక్కడా ఉండకూడదు. పైగా మా నోటితో మేము చెప్పేలోపు ఇంకో దారిన వాళ్ళకి తెలియకూడదు. పిన్నికి చదివి వినిపించు, ఆ తర్వాత ఇది పొయ్యిలో పెట్టెయ్యి బాబాయ్. దాచుకోకు. కాల్చేశానని బుధవారంలోపు ఒక్క కార్డు ముక్క రాయి.

నీ పిచ్చుక